ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఎవరిని పిలవాలి

సెప్టెంబరు 6, 1996. శుక్రవారం.

నాలుగు రన్ల ఆధిక్యం. ఓడిపోయాం. ఇవాళ ఇంతకన్నా రాయలేను.

సెప్టెంబరు 7, శనివారం. పొద్దున ఏడు.

సరే, రాస్తాను. లేకపోతే లోపలే పులుస్తుంది.

తొమ్మిది ఇన్నింగ్స్‌ల బేస్‌బాల్‌లో ఏడు అయ్యేసరికి మా హెరన్స్ జట్టువి ఐదు రన్లు, వెస్ట్ ఆర్డెన్ వాళ్ళవి ఒకటి. ఐదు మ్యాచుల ఫైనల్స్‌లో అప్పటికి చెరొకటి గెలిచి ఉన్నాం. ఇన్నింగ్స్‌కి ముగ్గురు చొప్పున ఇంకో ఆరుగురిని ఔట్ చేస్తే ముందుకెళ్ళేవాళ్ళం. మా పిచర్ మెల్ గ్రూబర్ మొదటి బంతి నుంచీ చక్కగా వేస్తున్నాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఒకడిని ఔట్ చేశాడు. ఆ తర్వాత ఇద్దరు చిన్న దెబ్బలు కొట్టి బేసుల మీదికొచ్చారు. వెనకే బార్‌స్టాడ్ వస్తున్నాడు. గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు రాదు, అంత మనిషి. ఎడంచేతి వాటం.

బుల్‌పెన్‌లో ఫోను మోగింది. నేను కూర్చునేది అక్కడే. ఎడమ కంచె పక్కన ఒక బెంచీ, చెయ్యి వేడెక్కించుకునేవాళ్ళకి రెండు మట్టి దిబ్బలు, గోడకి ఫోను. అది మోగితే అవతల రూడీయే. రూడీ సబాట్కా, మా మేనేజరు, ఇరవై ఏళ్ళ స్నేహితుడు. వాడు ఏ పేరు చెబితే ఆ పిచర్‌ని లేపి పంపాలి. నన్ను పిచింగ్ కోచ్ అంటారు గానీ సగం రోజులు చేసేది రిసెప్షనిస్టు పని.

వెస్ చెయ్యి వేడెక్కిందా, అయితే వాణ్ణి పంపు అన్నాడు రూడీ. సరే అన్నాను.

ఐక్ టాలివర్ అప్పటికే లేచి జాకెట్ విప్పేశాడు. ముప్పైఆరేళ్ళ ఐక్. ఆధిక్యంలో ఉండగా వాడి చేతికి బంతి ఇస్తే ఈ సీజన్లో ఒక్కసారే చేజారింది. వాడు నా వైపు చూశాడు. నేను వెస్ వైపు చూపించాను. ఐక్ జాకెట్ మళ్ళీ వేసుకున్నాడు. ఒక్కో గుండీ, తాపీగా.

వెస్ పార్డీది ఎడమ చెయ్యి. ఎడంచేతి బ్యాటర్ మీదికి ఎడంచేతి పిచర్ని పంపాలని బేస్‌బాల్ పుట్టినప్పటి నుంచీ అందరూ అంటున్నదే. రూడీ అదే చేశాడు. మూడో బంతిని బార్‌స్టాడ్ కొట్టాడు. అది కుడి కంచె దాటి, కార్లు దాటి, లూథరన్ చర్చి పచ్చికలో పడింది. హోమ్ రన్, ఒకేసారి మూడు రన్లు. ఐదు, నాలుగు. పోనీ అక్కడైనా మార్చాలి కదా. ఫోను మోగుతుందని దాని పక్కనే నిలబడ్డాను. మోగలేదు. వెస్ తర్వాతివాడికి నాలుగు చెడ్డ బంతులు వేసి ఊరికే బేస్ ఇచ్చేశాడు. మోగలేదు. ఇంకొకడు కంచెకి తగిలేలా కొట్టాడు. ఐదు, ఐదు. మరొకడు కొట్టాడు. ఆరు, ఐదు. అప్పుడు మోగింది. ఐక్‌ని పంపు అన్నాడు. దేన్ని కాపాడ్డానికి అని అడగాలనిపించింది. అడగలేదు. ఆ ఆరూ ఐదూ అలాగే ఉండిపోయాయి.

గ్రూబర్‌ని తీయకూడదు. తీస్తే ఐక్‌ని పిలవాలి. వెస్‌నే పిలిస్తే, హోమ్ రన్ పడగానే వాడిని దించెయ్యాలి. మూడు చోట్ల తప్పు చేశాడు. ఆ సీట్లో నేనుంటే గెలిచేవాళ్ళం. ఇలా రాసుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

శనివారం. పదిన్నర.

అర్లో షాపులో జుట్టు కత్తిరించుకుని వచ్చాను. వెళ్ళకుండా ఉండాల్సింది. కుర్చీలో నేనొక్కణ్ణే, వెనక బెంచీ మీద నలుగురు, నలుగురూ మేనేజర్లే. గ్రూబర్ అలాగే క్రిస్మస్ దాకా వేసేవాడు, ఏం పుట్టిందని తీశాడూ అన్నాడొకడు. మనవణ్ణి తీసుకొచ్చిన ఒక పెద్దావిడ, మా వాడికి ఆరేళ్ళు, వీణ్ణి అడిగినా ఐక్ పేరే చెప్తాడు అంది. వాడు నిజంగానే చెప్పాడు. అర్లో నా మెడ మీద కత్తి ఆనించి, ఏం హాలిస్, రూడీకీ ఐక్‌కీ ఏమైనా పడదా, నువ్వు లోపలి మనిషివి కదా, చెప్పవయ్యా అన్నాడు. మెడ మీద కత్తి ఉంది, ఏం మాట్లాడను. కానీ లోపల ప్రతి మాటకీ తలూపుతూనే ఉన్నాను.

ఇంటికొచ్చి మా ఆవిడ నోరీన్‌కి మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. ఆమె గుడ్లు గిలకొడుతోంది. మొత్తం విని, ఇదంతా నాకెందుకు చెప్తున్నావు, ఆ ఫోన్ నేనేమైనా చేశానా అంది. వెళ్ళి ఆయనకే చెప్పు. ధైర్యం లేకపోతే కూర్చుని ఆమ్లెట్ తిను అంది.

తిన్నాను. ఇప్పుడు వెళ్తున్నాను.

శనివారం. మధ్యాహ్నం రెండు.

చెప్పేశాను.

రూడీ తన గదిలో, పెరట్లో కాసిన టమాటాని జేబుకత్తితో కోసుకుని ఉప్పు చల్లుకుంటున్నాడు. నాకూ ఒక ముక్క ఇచ్చాడు. అది చేతిలో పట్టుకునే మొత్తం చెప్పాను, మూడు తప్పులూ వరసగా. రసం మోచేతి దాకా కారింది.

వాడు టమాటా తింటూ విన్నాడు. అంతా అయ్యాక, సరే, ఎనిమిదిలో ఐక్‌ని పిలిచాననుకో, మరి తొమ్మిదిలో ఎవడు వేస్తాడూ అన్నాడు. ఐక్ అన్నాను. ఐక్ రెండు ఇన్నింగ్స్ వేసి ఎన్నాళ్ళయిందిరా అన్నాడు. వాడే మళ్ళీ, అప్పుడు తొమ్మిదిలో నాకు వెస్సే దిక్కు, అదే మనిషి, ఒక ఇన్నింగ్స్ ఆలస్యంగా అన్నాడు. అప్పటికి ఆధిక్యమైనా మిగిలేది కదా అన్నాను. మిగిలేదేమో అన్నాడు. వాడు అంత తేలిగ్గా ఒప్పుకోవడం నాకు నచ్చలేదు.

తర్వాత కత్తి తుడుచుకుంటూ ఇంకో మాటన్నాడు. నేను ఫోన్ చేశాను, నువ్వు ఎత్తి సరే అన్నావు. ఆ సరేలో అనుమానమేమైనా ఉంటే నాకు వినపడలేదే అన్నాడు. నువ్వు అడిగింది వెస్ చెయ్యి వేడెక్కిందా అని, వెస్‌ని పంపడం మంచిదా అని కాదు అన్నాను. రెండోది నేనెప్పుడడిగినా నువ్వు చెప్పొచ్చు, అడక్కపోయినా చెప్పొచ్చు, ఫోనుకి అటూ ఇటూ రెండు వైపులుంటాయి అన్నాడు.

కోపం తగ్గుతుందనుకుని వెళ్ళాను. కొత్తది తెచ్చుకున్నాను.

సెప్టెంబరు 8, ఆదివారం. పొద్దున ఆరు.

నిన్న గెలిచాం. తొమ్మిది, రెండు. సిరీస్ రెండు, రెండు. సంతోషంగా ఉండాలి.

మూడో ఇన్నింగ్స్‌లో, రన్ పూర్తయ్యే ప్లేట్ దగ్గర మావాణ్ణి ఔట్ ఇచ్చాడు అంపైర్. ఔట్ కాదు. బుల్‌పెన్ నుంచి నాకే కనపడింది. రూడీ టోపీ తిప్పి పెట్టుకుని వెళ్ళాడు. మాట మాట పెరిగింది, ఇద్దరి మధ్యా దూరం తరిగింది. రూడీ పొట్ట అంపైర్‌కి తగిలింది. ఆ పొట్ట ఎక్కడికైనా రూడీ కన్నా ముందే వెళ్తుంది, అది అంపైర్‌కి అర్థం కాలేదు. బయటికి పొమ్మన్నాడు. బుల్‌పెన్‌లో ఫోను మోగింది. నువ్వు రా అన్నాడు రూడీ.

కంచె వెంట, జట్టు మెట్లు దిగి కూర్చునే డగౌట్ దాకా పరుగెత్తాను. అప్పటికే ఆరు సున్నా. నేను చేసిందేమీ లేదు. నా బదులు పాప్‌కార్న్ అమ్మేవాణ్ణి కూర్చోబెట్టినా గెలిచేవాళ్ళం.

మ్యాచ్ అయ్యాక లీగ్ మనిషి వచ్చి చెప్పాడు. అంపైర్‌ని తాకినందుకు ఒక మ్యాచ్ నిషేధం, రేపు రూడీ గ్రౌండ్ గేటు దాటకూడదు. రూడీ నాకు తన గది తాళం ఇచ్చాడు. రేపు నీదే అన్నాడు. రేపు తిట్టుకోవడానికి నీకు నేను కూడా ఉండను, పాపం అన్నాడు. నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఆదివారం. ఏడున్నర.

రూడీ ఇచ్చిన తాళం మూడుసార్లు జేబులో వేసుకుని మూడుసార్లు తీశాను.

ఆదివారం. పది.

ఫైర్ స్టేషన్లో పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్ట్. ఏటా ఫైనల్స్ ఉన్నా లేకపోయినా ఉంటుంది. నేను కాఫీకే వెళ్ళాను.

వెస్ పార్డీ అక్కడ ఉన్నాడు. మధ్య బల్ల దగ్గర ఒక్కడే. చుట్టూ కుర్చీలు ఖాళీ, ఊరంతా గోడల పక్కన నిలబడి తింటోంది. అందరూ వాణ్ణే చూస్తున్నారు. వెస్‌కి ఇరవైఆరు. పెద్ద క్లబ్ వాళ్ళు వసంతంలో వద్దని పంపేస్తే, మూడు రోజులు కారు నడుపుకుని మా ఊరొచ్చాడు. శుక్రవారం నుంచి వాడి మొహం చూడలేక నేనే తప్పించుకు తిరుగుతున్నాను.

వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. వాడు తింటున్నది మూడో ప్లేటు. సిరప్ ఇటు జరుపుతారా కోచ్ అన్నాడు. జరిపాను. వాడు సిరప్ పోసుకుంటూ, శుక్రవారం బార్‌స్టాడ్‌కి వేసింది మంచి బంతే, కింద, బయటికి, నేను అనుకున్న చోటే పడింది, వాడు దాన్ని కూడా కొట్టాడు, ఏం చేస్తాం అన్నాడు. ఆ తర్వాత వేసినవి మాత్రం చెత్త, అవి నావే అన్నాడు. లేచి నాలుగో ప్లేటు తెచ్చుకున్నాడు. వడ్డించే ఫైర్‌మన్ వాడి ప్లేటులో ఒక్కటే వేసి ఊరుకుంటే, ఇంకోటి వెయ్యండి అని అడిగి మరీ వేయించుకున్నాడు.

ఆదివారం. సాయంత్రం ఏడు.

తొందరగా రాస్తున్నాను. రాత ఎలా వస్తే అలా.

మ్యాచ్ రెండింటికి మొదలైంది. ఒక్క సీటు ఖాళీ లేదు. బుల్‌పెన్‌లో నా బెంచీ మీద రెండో క్యాచర్ డ్వేన్‌ని కూర్చోబెట్టాను. ఫోను మోగితే సరే ఒక్కటే అనకు, నీకేమనిపిస్తే అది చెప్పు అన్నాను. సరే అన్నాడు.

ఏడు ఇన్నింగ్స్ అయ్యాక మాది మూడు, వాళ్ళది రెండు. ఎనిమిదిలో మా పిచర్ లాయిడ్ ఒకణ్ణి ఔట్ చేసి ఇద్దరిని బేసుల మీదికి రానిచ్చాడు. వెనకే బార్‌స్టాడ్. శుక్రవారం ఎలా ఉందో అంతా అలాగే. బ్యాట్ ఊపుకుంటూ వాడు వస్తుంటే, ఇది నాకోసం ఎవరో అమర్చి పెట్టారా అనిపించింది.

డగౌట్ నుంచి ఆట వేరుగా ఉంటుంది. బుల్‌పెన్‌లో నాకు ఒక పిచర్ కనిపిస్తాడు, ఒక బ్యాటర్ కనిపిస్తాడు. ఇక్కడ ఇంకా రాని తొమ్మిదో ఇన్నింగ్స్ కూడా పక్కనే కూర్చుని ఉంటుంది. వెనకనుంచి జనం ఐక్, ఐక్ అంటున్నారు. నేను మాత్రం రెండు రోజులుగా అంటున్నదేమిటి. ఫోనెత్తి ఐక్ అన్నాను. జనం అరుపులకి డగౌట్ రేకులు మోగాయి.

ఐక్ వచ్చాడు. బార్‌స్టాడ్ తేలిగ్గా లొంగలేదు. ఏ బంతి వేసినా పక్కకి కొట్టేస్తూ ఉండిపోయాడు. ఇంకొకటి, ఇంకొకటి. ఐక్ నాలుగు రోజుల బలం ఆ ఒక్కడి మీదే పెట్టాడు. ఆఖరికి బార్‌స్టాడ్ నేల మీదికి కొట్టాడు. రెండో బేస్ పక్కన కాపలా ఉండే మా షార్ట్‌స్టాప్ అందుకున్నాడు, రెండో బేస్‌కి విసిరాడు, అక్కడినుంచి మొదటి బేస్‌కి. ఒకే దెబ్బకి ఇద్దరు ఔట్. ఇన్నింగ్స్ అయిపోయింది. పక్కవాళ్ళెవరో నన్ను ముద్దు పెట్టుకున్నారు, ఎవరో చూడలేదు.

మాకు ఇంకో రన్ రాలేదు. మూడు, రెండు. తొమ్మిదో ఇన్నింగ్స్.

ఐక్ నా పక్కన కూర్చుని, ఇంకొకటి ఉంది కోచ్, వేసేస్తాను అన్నాడు. అంటూనే నీళ్ళ గ్లాసు ఎడం చేత్తో అందుకున్నాడు. ఐక్ కుడిచేతి మనిషి. కుడి చెయ్యి మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు, చలేసినవాడిలా. ఎండ మండిపోతోంది.

డ్వేన్‌కి ఫోన్ చేశాను. వెస్ ఎలా ఉన్నాడు అన్నాను. చెయ్యి బాగుంది అన్నాడు. చెయ్యి కాదు, వాడు అన్నాను. ఈల వేస్తున్నాడండీ అన్నాడు. పంపాలంటావా అన్నాను. పంపండి, వద్దనడానికి నాకేం కనపడట్లేదు అన్నాడు డ్వేన్.

ఐక్‌కి చెప్పాను. నా మీదికి గ్లవ్ విసిరాడు. నీకు పిచ్చిగానీ పట్టిందా హాలిస్, ఆ గేటు బయట ఊరు మొత్తం నిన్ను చంపుతుంది, నేనూ ఒక చెయ్యి వేస్తాను అన్నాడు. ఏ చెయ్యి వేస్తావు అన్నాను. వాడు వంగి గ్లవ్ ఎడం చేత్తోనే తీసుకున్నాడు.

కంచె గేటు తెరుచుకుని వెస్ బయటికి రాగానే గ్రౌండంతా లేచి నిలబడింది. తర్వాత కూతలు. అలాంటివి నేను మా సొంత ఊళ్ళో ఎప్పుడూ వినలేదు. కాగితపు గ్లాసులు పడ్డాయి. అర్లో గొంతు పోల్చాను, శుక్రవారం నుంచి ఏం నేర్చుకున్నావయ్యా అంటున్నాడు. మైదానంలో వెస్ ఒక్కడే మామూలుగా నడుస్తున్నాడు.

మొదటివాడికి నాలుగు చెడ్డ బంతులు. ఊరికే బేస్ ఇచ్చేశాడు.

ఇక్కడ నిజం రాయాలి. నా కాళ్ళు లేచాయి. నేను లేవలేదు, కాళ్ళు లేచాయి. మెట్టు ఎక్కి వెళ్ళి బంతి లాక్కుని ఐక్‌కో ఇంకెవరికో ఇచ్చేద్దామని, ఎవరికైనా సరే, ఈ కూతలు ఆగితే చాలని. ఒకసారి దించిన పిచర్ మళ్ళీ రాకూడదు, ఐక్ ఇక రాలేడన్న సంగతి కూడా మర్చిపోయాను. డగౌట్ పైనే, మొదటి వరసలో నోరీన్ ఉంది. కటకటాల్లోంచి నా నెత్తి మీదికి వంగి, కూర్చో అంది. వాణ్ణి నువ్వే కదా పిలిచావు, ఇక కూర్చో అంది. కూర్చున్నాను.

తర్వాతివాడు బంతిని మెల్లగా ముందుకి వదిలాడు, మొదటివాణ్ణి రెండో బేస్‌కి జరుపుదామని. వెస్ పిల్లిలా దూకి బంతి అందుకున్నాడు. అందరూ మొదటి బేస్‌కి విసురుతాడనుకుంటే తిరిగి రెండో బేస్‌కి విసిరాడు. ఔట్. కూతలు కాస్త తగ్గాయి. ఇంకొకణ్ణి మూడు బంతులతో ఇంటికి పంపాడు. మూడో బంతికి వాడు బ్యాట్ ఊపడం చూస్తే ఈగల్ని తోలుతున్నట్టుంది. ఇప్పుడు కూతలు లేవు. ఎవడో ఒకడు వెస్ అన్నాడు. ఇంకొకడు అన్నాడు.

ఆఖరివాడు బంతిని నిట్టనిలువుగా కొట్టాడు. అది పైకి పోయి, మబ్బుల్ని చూసుకుని, మా డగౌట్ వైపు దిగడం మొదలుపెట్టింది. మా మూడో బేస్ మనిషి ఆకాశం చూస్తూ పరుగెత్తుకొస్తున్నాడు. మెట్లున్నాయిరా అని అరిచాను. వాడికి వినపడలేదు. బంతి పట్టాడు, మెట్ల మీంచి జారాడు, బంతితో సహా నా ఒళ్ళో పడ్డాడు. నా మోకాలు వంకాయ రంగుకొచ్చింది. అంపైర్ వంగి గ్లవ్‌లోకి చూసి పిడికిలి ఎత్తాడు.

మేం చాంపియన్లం. మళ్ళీ రాస్తాను. మేం చాంపియన్లం.

ఆ తర్వాత వరసగా గుర్తు లేదు. జనం కంచె దూకారు. పొద్దున పాన్‌కేకులు వడ్డించిన ఫైర్‌మన్లు వెస్‌ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. అర్లో ఏడుస్తూ కనిపించాడు. ఐక్ లాకర్ రూంలో బల్లెక్కి ఒక బీరు మొత్తం వెస్ నెత్తి మీద పోశాడు, ఎడం చేత్తోనే. తర్వాత నా దగ్గరికొచ్చి, ఇంకో పది బంతులు వేసుంటే భుజం ఊడి నీ చేతికొచ్చేది, అయినా నిన్ను క్షమించను అన్నాడు. వద్దులే అన్నాను. గట్టిగా పట్టుకున్నాడు. ఒంటి చేత్తో పట్టుకున్నా ఊపిరాడలేదు.

రూడీ మ్యాచ్ మొత్తం ఎడమ కంచె అవతల ధాన్యం మిల్లు కప్పు మీద మడత కుర్చీ వేసుకుని చూశాడట. నిషేధం గేటు లోపలికే కదా. మొహం ఎండకి కందిపోయి, గొంతు పోయి, పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను కావలించుకున్నాడు. ఇద్దరం పడిపోయినంత పనైంది. నా చెవిలో వాడన్న మొదటి మాట, ఐక్‌ని ఎందుకు తీశావురా, నేనైతే ఉంచేవాణ్ణి. చేతిలో ఉన్న ఐసు బకెట్ వాడి నెత్తి మీద బోర్లించాను. వాడు అలా తడిసి నిలబడే, ఊరికే బేస్ ఇచ్చాకైనా వెళ్ళి మాట్లాడాల్సింది, కనీసం రెండు మాటలు అంటున్నాడు. నవ్వి నవ్వి నాకు డొక్కలు పట్టేశాయి.

నోరీన్ పిలుస్తోంది. మెయిన్ రోడ్డు మీద డప్పులు మొదలయ్యాయి. వెళ్ళాలి.

సెప్టెంబరు 9, సోమవారం.

ఎవరూ లేవకముందే గ్రౌండ్‌కి వెళ్ళాను. పిచర్ దిబ్బ ఎక్కి నిలబడ్డాను. ఆడే రోజుల్లో నేను క్యాచర్ని, పిచర్ వేసిన బంతి పట్టేవాణ్ణి. జీవితమంతా దీన్ని కింద గొంతుకూర్చుని చూసినవాణ్ణి. పైకెక్కితే పెద్ద ఎత్తేమీ లేదు.

బంతి లేకుండా ఒకటి విసిరాను. స్ట్రైక్, మంచి బంతి. కాదనడానికి ఎవరూ లేరు.